ఆఖరి బస్సు ఎన్నింటికి?

నేను జాకెట్లు కుడతాను, మగ్గం వర్కు చేస్తాను. ఉండేది కమలాపురంలో. పుట్టిన ఊరు వేరే, మెట్టిన ఊరు వేరే. కమలాపురం మాత్రం బాడిగ తక్కువని వెతుక్కుంటూ వచ్చి చేరిన ఊరు. పెళ్లయిన పదిహేనేళ్లలో నాలుగిళ్లు మారాను. ప్రతి ఇంటి లెక్కా నోటుబుక్కుల్లో రాసిపెట్టుకున్నాను. ఖరీదైన ఊళ్ల నడుమ మనకు అందే ఇల్లు ఎలా దొరుకుతుంది, దొరికింది ఎంతకాలం అందుతుంది అనే ముచ్చట ఈరోజు చెప్పుకుందాం. నాకు తెలిసిందంతా ఆ నోటుబుక్కుల్లో ఉన్నదే.

2019 దాకా మేము ప్రొద్దుటూరులో ఉండేవాళ్లం. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. బంగారం, బట్టలు, పత్తి, పప్పులు, అన్నిటికీ పేరున్న ఊరు. రాయలసీమలో ఎక్కడ పెళ్లి కుదిరినా తాళిబొట్టుకో చీరలకో ప్రొద్దుటూరు పేరొస్తుంది. పెళ్లికూతుళ్లు ఎక్కడుంటే జాకెట్లు అక్కడుంటాయి, జాకెట్లు ఎక్కడుంటే నా బోటిది అక్కడుండాలి. అలాగే ఉన్నాం. ముందు గదిలో కుట్టుమిషను, మగ్గం వేసుకునే కర్రచట్రం. వెనక గదిలో పొయ్యి, పడక. రెండు గదులకూ కలిపి నెలకు ఏడు వేలు బాడిగ.

శ్రావణమాసంలో, మాఘమాసంలో ఏడు వేలు ఏడు వందల్లా కనిపిస్తాయి. రాత్రి పన్నెండు దాకా మిషను తిరుగుతుంది. ఆషాఢం వచ్చిందంటే ముహూర్తాలుండవు, జాకెట్లుండవు. మా వీధిలో నాలాంటి వాళ్లం నలుగురం ఉండేవాళ్లం. ఆషాఢంలో ఎదురుపడితే ఒకే మాట అనుకునేవాళ్లం: బాడిగకు మాత్రం ఆషాఢం లేదక్కా అని.

మా ఆయన పని కడపలో, ఒక ప్రింటింగ్ ప్రెస్సులో. నా గిరాకీ ప్రొద్దుటూరులో, ఆయన జీతం కడపలో. నడుమ యాభై కిలోమీటర్లు. ఆయన తెల్లారి లేచి పోతే రాత్రికి వచ్చేవాడు. కడపకు మారదామంటే నా గిరాకీ పోతుంది, పైగా అక్కడ బాడిగ ఇంకాస్త ఎక్కువ. ఊరు పెద్దదయ్యేకొద్దీ బాడిగ పెరుగుతుందని మనం వేరే చెప్పక్కర్లేదు, సర్కారే ఒప్పుకుంటుంది. 2022 వేతన సవరణలో రాష్ట్ర ఉద్యోగుల ఇంటి అద్దె భత్యం చూడండి. యాభై వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో పనిచేస్తే మూలవేతనంలో 10 శాతం. రెండు లక్షల లోపైతే 12 శాతం. రెండు లక్షలు దాటితే 16 శాతం. కమలాపురం మొదటి మెట్టు మీద, ప్రొద్దుటూరు రెండో మెట్టు మీద, కడప మూడో మెట్టు మీద ఉన్నాయి. ఉద్యోగికి ఊరిని బట్టి భత్యం వస్తుంది. జాకెట్లు కుట్టేదానికి, అంగట్లో గుమస్తాకు, పాలిష్ ఫ్యాక్టరీలో బండలు మోసేవాడికి ఏ భత్యం రాదు. వాళ్లు చేయగలిగింది ఒకటే, ఇంకో ఊరు చూసుకోవడం.

చూశాం. ముందు ఎర్రగుంట్ల అనుకున్నాం. ప్రొద్దుటూరికి దగ్గర, రైలు జంక్షను. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు, బండల పాలిష్ ఫ్యాక్టరీలు. 1994 నుంచి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం కూడా ఆ పక్కనే ఉంది. ఫ్యాక్టరీలున్న చోట నెలజీతం వాళ్లుంటారు. నెలజీతం వాళ్లున్న చోట ఇంటివాళ్లు మనలాంటి వాళ్లకు ఇల్లివ్వడానికి ఆలోచిస్తారు. పైగా తెల్ల బట్ట మీద జరీ పని చేసేదానికి దుమ్ము పనికిరాదు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. మన జిల్లా నేల అడుగున ఉన్న బండ దేశమంతా తిరిగింది. బొంబాయి ఇళ్లలో వంటగట్టు మీద పరిచే నల్లరాయికి 'కడప్పా' అనే పేరు. అక్కడివాళ్లకు మన ఊరు తెలియకపోయినా పేరు మాత్రం రోజూ నోట్లో ఉంటుంది. బండలు మనవి, సిమెంటు మనది, ఇసుక మన పెన్నమ్మది, పాపాఘ్నిది. అన్నీ ఇక్కడివే అయినా ఇల్లు కట్టేటప్పటికి మనకు అవేవీ ఊరికే రావు, లారీ ఎక్కిన ధరకే వస్తాయి.

తర్వాత జమ్మలమడుగు అనుకున్నాం. అక్కడ బాడిగ కంటే స్థలం కొనమనే మాటే ఎక్కువ వినబడింది. ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని 2007లో ఒకసారి శంకుస్థాపన జరిగింది. 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి జరిగింది. శంకుస్థాపన రాయి పడ్డ చోట ఫ్యాక్టరీ లేచేలోగా ప్లాట్ల రాళ్లు లేస్తాయి. మా బంధువు ఒకాయన, "ఇప్పుడు కొనుక్కోకుంటే ఇంకెప్పుడూ కొనలేవు మా" అని నన్ను భయపెట్టాడు. ఆ మాట ఆయన పదేళ్లుగా అంటూనే ఉన్నాడు.

ఆ పక్కనే ఇంకో కష్టం కూడా మనం చూసిందే. 2020లో గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగాయి. ఊరు ఊరంతా ఒకేసారి ఇళ్లు వెతుక్కోవాల్సి వస్తే ఎట్లుంటుందో ఆ ఏడాది తెలిసింది. వందల కుటుంబాలు ఒకే నెలలో గదులు అడిగితే చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న పది గదుల బాడిగ ఎక్కడ ఆగుతుంది?

పులివెందుల బాగున్న ఊరు. రోడ్లు వెడల్పు, కాలేజీలు దగ్గర. అయితే మాకు అటు ప్రొద్దుటూరూ దూరమే, ఇటు కడపా దూరమే. ఒకరోజు మా ఆయన గోడ క్యాలెండరు వెనక పెన్సిలుతో కడప, ప్రొద్దుటూరు రెండు చుక్కలు పెట్టి, వాటి నడుమ గీత గీశాడు. ఆ గీత నడిమధ్యకు కాస్త అటుగా కమలాపురం ఉంది. కడపకు పాతిక కిలోమీటర్లు, ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరికి ముప్పై లోపే.

పైగా కమలాపురానికి రైలుంది. ఇదో వింత. ఇంత బంగారమున్న ప్రొద్దుటూరికి 2016 దాకా ప్రయాణికుల రైలు లేదు. నంద్యాల, ఎర్రగుంట్ల లైను ఆ ఏడాది ఆగస్టులో మొదలయ్యాక గానీ ఆ ఊరు రైలుకూత వినలేదు. కమలాపురం మాత్రం మద్రాసు, బొంబాయి లైను మీద ఉంది. మద్రాసు నుంచి వచ్చిన పట్టాలు రాయచూరులో బొంబాయి పట్టాలతో కలిసింది 1871లో. అంటే నూటయాభై ఏళ్లకు పైబడిన దారి. ఆ దారిని నమ్ముకునే మేము ఊరు మారాం.

ఇల్లు దొరకడం మాత్రం అంత సులభం కాలేదు. తలుపు కొట్టగానే మొదటి ప్రశ్న బాడిగ గురించి రాదు. "మీరేమిట్లోళ్లమ్మా?" అని, అంటే కులమేదని వస్తుంది. జవాబు నచ్చితే గది ఖాళీగా ఉంటుంది, నచ్చకపోతే నిన్ననే ఎవరికో మాటిచ్చేసి ఉంటారు. రెండో ప్రశ్న, "మాంసం వండుతారా?" మూడోది, "చుట్టాలు వస్తుంటారా?" మన దగ్గర బాడిగలో సగం డబ్బుతో కడతాం, మిగతా సగం ఇట్లాంటి జవాబులతో కడతాం. ఆ సగం కట్టలేనివాళ్లు ఊరి చివరకు పోతారు, లేదంటే ఉన్నదానికంటే ఎక్కువ డబ్బు కట్టి సర్దుకుంటారు. ఇది కమలాపురానికే పరిమితం కాదు. హైదరాబాదులోనూ అంతే, బెంగళూరులోనూ అంతే.

ఇంకో చిక్కు మిషనుది. ఇంట్లో కుట్టుకుంటానంటే ఇంటివాళ్లు మీటరు వంక చూస్తారు. గుమ్మం మీద బోర్డు వేలాడదీస్తే కరెంటోళ్లు వచ్చి ఇంటి మీటరును అంగడి మీటరు చేస్తారని భయం. అప్పుడు యూనిట్ ధర మారిపోతుంది. ఒకచోట మిషను వద్దన్నారు, ఇంకోచోట మిషను ఉండొచ్చు గానీ బోర్డు వద్దన్నారు. బోర్డు లేని దర్జీని ఎవరు వెతుక్కుంటూ వస్తారు?

చివరికి పాత ఊళ్లో ఒక అవ్వ మిద్దిల్లు దొరికింది. మిద్దె అంటే ఇప్పటి స్లాబు అనుకునేరు. మా సీమలో పాతకాలం మట్టిమిద్దె. రాతిగోడలు, పైన దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద ఆకూఅలమా పరిచి, మట్టి వేసి, ఆ పైన చౌడు పోస్తారు. ఎండాకాలం బయట నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీలు కాలుతుంటే లోపల ఫ్యాను లేకుండా కూర్చోవచ్చు. కిటికీలు మాత్రం తక్కువ. నడింట్లో పైకప్పుకు ఒక గవాచి ఉంటుంది, వెలుతురు పడేందుకు వదిలిన చిన్న సందు. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఆ గవాచి కింద బండల మీద ఒక పలక ఎండ నెమ్మదిగా జరుగుతుంటుంది. నేను మగ్గం చట్రం ఆ ఎండతో పాటే జరుపుకుంటూ పని చేసేదాన్ని. జరీపోగు ఏది బంగారు రంగో, ఏది రాగి రంగో ఆ వెలుగులో తెలిసినట్టు ఏ ట్యూబులైటు కిందా తెలియదు.

అవ్వ బాడిగ మూడు వేలు అంది. "ఎండాకాలం సల్లగుంటాది మా. వానాకాలం మాత్రం గిన్నెలు పెట్టుకోవాల. ముందే చెప్తాండా" అంది. ఇంత నిజం చెప్పిన ఇంటివాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు.

నోటుబుక్కులో ఆరోజు నాలుగు గళ్లు గీశాను. బాడిగ ఒక గడి. దారి ఒక గడి. నీళ్లు ఒక గడి. పొద్దు ఒక గడి. పొద్దు అంటే పోనూరానూ పట్టే సమయం. అది కూడా డబ్బే, కాకపోతే ఎవరూ రసీదు ఇవ్వరు.

మొదటి నెల లెక్క ఇదీ. బాడిగలో మిగిలింది నాలుగు వేలు. మా ఆయనకు కడపకు ప్యాసింజరు రైలు టికెట్టు పది రూపాయలు. రానూపోనూ ఇరవై. సీజన్ టికెట్టు తీసుకుంటే ఇంకా తక్కువ. తాగే నీళ్ల క్యాన్లు కొనాలి, వాడుకకు కొళాయి వచ్చే రోజు డ్రమ్ములు నింపుకోవాలి. నేను వారానికి రెండుసార్లు ప్రొద్దుటూరు పోయి బట్టల అంగళ్ల దగ్గర జాకెట్టు ముక్కలు తెచ్చుకుని, కుట్టి ఇచ్చి వస్తాను. అన్నీ పోనూ నెలకు రెండున్నర వేలు మిగిలేది. మా ఆయన రాత్రి ఏడున్నరకే ఇంట్లో ఉండేవాడు. పొద్దు గడిలో కూడా లాభమే. అబ్బ, ఎంత తెలివైనవాళ్లం అనుకున్నాం.

ఆ తెలివి ఆరు నెలలు నిలిచింది.

2020 మార్చిలో కరోనాతో రైళ్లు ఆగిపోయాయి. దేశమంతా ఆగింది, అందులో మేమెంత? కొన్నాళ్లకు బస్సులు తిరిగాయి, ప్రెస్సు తలుపులు తెరిచారు. ప్యాసింజరు రైళ్లు మాత్రం రాలేదు. తర్వాతెప్పుడో స్పెషల్ అని పేరు మార్చుకుని వచ్చాయి. కనీస టికెట్టు పది రూపాయలున్నది ముప్పై అయింది. బోగీ అదే, సీటు అదే, ఆగే స్టేషన్లూ అవే. పది కాస్తా ముప్పై. బస్సులో పోతే రోజుకు యాభై దాటేది. దారి గడిలో అంకె మూడింతలైంది. అవ్వ బాడిగ ఒక్క రూపాయి పెంచలేదు, అయినా మా ఇల్లు ఖరీదైపోయింది.

ఈ ముక్క నాకు అప్పుడు అర్థమైంది. బాడిగ తక్కువ ఇల్లంటే గోడల్లో ఉన్న గుణం కాదు, ఆ ఇంటినీ పనినీ కలిపే దారిలో ఉన్న గుణం. దారి బాగున్నంత కాలం ఇల్లు అగ్గవ. దారికి ఏదైనా అయితే అదే ఇల్లు ప్రొద్దుటూరు ఇంటి కంటే బరువు.

అది పూర్తిగా రుజువయింది 2021 నవంబరులో. ఆ నెల మా ఊళ్లో పండగలా మొదలైంది. కమలాపురం నగర పంచాయతీకి ఎన్నికలు. వీధివీధికీ వాగ్దానాలు. వారం తిరగకముందే వానలు. రాజంపేట వైపు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లే కొట్టుకుపోయాయి. అటు నందలూరు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కరిగిపోయి రైళ్లు ఆగాయి. ఇటు వెలిగల్లు జలాశయం నుంచి వదిలిన నీళ్లు పాపాఘ్ని నిండా వచ్చాయి. ఎండాకాలం పిల్లలు ఇసుకలో క్రికెట్ ఆడుకునే ఏరు అది. ఆ నీటి తాకిడికి కడపకూ కమలాపురానికీ నడుమ ఉన్న వంతెన కుంగి కూలిపోయింది.

మా ఆయన కడపలో చిక్కుకున్నాడు. ఫోను చేసి, "వంతెన పోయిందంట. ఎట్ల రావాలో తెలీలేదు" అన్నాడు. చుట్టుదారిన రావచ్చు. పాతిక కిలోమీటర్ల దూరానికి అంతకు రెండు మూడింతలు తిరగాలి, పొద్దుపోతే బండి దొరకదు. నాలుగు రోజులు చూసి, ప్రెస్సులో పనిచేసే ఇంకో ఇద్దరితో కలిసి కడపలో ఒక గది తీసుకున్నాడు. అంటే ఆ నెల మేము రెండు బాడిగలు కట్టాం. ఇక్కడ నేనూ పిల్లా ఉన్న మిద్దె కారుతోంది. అవ్వ చెప్పినట్టే గిన్నెలు పెట్టాం. గిన్నెలు చాలక బకెట్లు, బకెట్లు చాలక పిండి డబ్బాలు పెట్టాం. గవాచి మీద బండ మూసినా పక్కల నుంచి నీళ్లు. ఒక పెళ్లి జాకెట్టు మీద జరీ నల్లబడింది. దానికి డబ్బు నేనే కట్టుకున్నాను.

నదిలో తాత్కాలికంగా దారి వేసి బండ్లు తిరిగేదాకా నోటుబుక్కులో ఏ గడీ కలవలేదు. ఊళ్లో ఎవరిని చూసినా అదే మాట. కూరగాయలమ్మే ఆమెకు కడప మార్కెట్టు దూరమైంది. కడప కాలేజీల్లో చదివే పిల్లలు హాస్టళ్లు వెతుక్కున్నారు. ఆసుపత్రికి పోవాల్సిన వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. బాడిగ తక్కువని ఊరికి వచ్చిన మాకు ఒక విషయం తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ మేము బాడిగలో మిగుల్చుకున్న డబ్బును దాచింది ఆ వంతెన. అది కూలేదాకా దానివంక తలెత్తి చూసినవాళ్లం కాదు.

తర్వాత లెక్క మళ్లీ మారింది. ఈసారి మన వైపు మారింది. 2024 ఫిబ్రవరిలో ప్యాసింజరు రైళ్ల కనీస టికెట్టు తిరిగి పది రూపాయలు చేశారు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. ప్రొద్దుటూరు పోయి రావడానికి నాకు పైసా ఖర్చు కాదు. నోటుబుక్కులో నా దారి గడిలో మొదటిసారి సున్నా రాశాను.

అయితే దారి ఒకవైపుకే పోదు. టికెట్టు లేకపోయేసరికి మా కమలాపురం ఆడవాళ్లు కూడా హాయిగా బస్సెక్కి జాకెట్టు కుట్టించుకోవడానికి ప్రొద్దుటూరు పోతున్నారు. "అక్కా, ఆడ డిజైన్లు కొత్తవి ఉంటాయి" అంటారు. ఆ డిజైన్లలో కొన్ని నేను కుట్టి ఆ అంగళ్లకు ఇచ్చినవే. ఈ మాట వాళ్లకు చెప్పలేదు. చెబితే అంగడివాళ్లు ఊరుకోరు.

ఈ లెక్కంతా మా ఒక్క ఇంటిదే అనుకోకండి. మన వైపు నుంచి కువైట్ పోయిన వాళ్లను చూడండి. అక్కడ ఒక్క గదిలో ఆరుగురు, ఎనిమిదిమంది ఉంటారు. గది కూడా కాదు, మంచం బాడిగకు తీసుకుంటారు. బెడ్ స్పేస్ అంటారు. ప్రపంచంలో ఖరీదైన చోట్లలో అతి చిన్న తావు తీసుకుని పడుకుని, మిగిల్చిన దినార్లతో కడపలో, రాయచోటిలో, రాజంపేటలో రెండంతస్తుల ఇళ్లు కడతారు. ఆ ఇళ్లలో ముసలి తల్లిదండ్రులు కింద గదిలో ఉంటారు, పై గదులకు తాళాలు. కట్టినవాడు ఆ ఇంట్లో పడుకునేది రెండేళ్లకు ఒక నెల. వాళ్ల నోటుబుక్కులో పొద్దు గడి ఎంత పెద్దదో ఆలోచించండి.

బెంగళూరు పోయిన మన పిల్లలదీ ఇంతే. ఒకప్పుడు అక్కడ పది నెలల బాడిగ అడ్వాన్సు కట్టడం మామూలు మాట. చేతిలో ఉద్యోగముండి కూడా అడ్వాన్సుకు ఊళ్లో అప్పు చేసినవాళ్లు నాకు తెలుసు. 2021లో కేంద్రం తయారుచేసిన నమూనా అద్దె చట్టంలో ఇంటికి రెండు నెలల బాడిగకు మించి అడ్వాన్సు తీసుకోకూడదన్నారు. అది నమూనా, అమలు రాష్ట్రాల చేతిలో ఉంటుంది. అయినా ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు చెప్పుకోవడానికి పనికొచ్చే మాట. బెంగళూరులో అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతారు. ఏడాది దాటితే లీజును రిజిస్టరు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికే పదకొండు నెలలు. స్టాంపు కాగితం మీద రాసుకున్నా, తెల్లకాగితం మీద రాసుకున్నా, బాడిగ కట్టిన ప్రతిసారీ రసీదో ఫోనులో చెల్లింపో ఉండేట్టు చూసుకోండి. నోటిమాట గొడవ వచ్చిన రోజున గుర్తుండదు.

సొంతిల్లు ఉంటే ఈ బాధ లేదు కదా అనొచ్చు. నిజమే. 2020 డిసెంబరులో పేదలకు ఇళ్ల పట్టాలిచ్చారు. పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. సెంటంటే నలభై ఎనిమిది గజాలు. అంతకుముందు నుంచీ టిడ్కో ఇళ్లు కడుతున్నారు, మూడు వందల చదరపు అడుగుల నుంచి నాలుగు వందల ముప్పై దాకా. చేతికొచ్చిన ఇల్లు చిన్నదైనా ఇల్లే. కాకపోతే ఊళ్లో స్థలం ఖరీదు కాబట్టి కాలనీ ఊరికి దూరంగా వస్తుంది. కాలనీకి బస్సు లేకపోతే పనికి పోవడానికి ఆటో కావాలి. రోజూ ఆటోకు పెట్టే డబ్బు ఊళ్లో బాడిగతో సమానమైతే, ఆ ఇంటికి తాళమేసి మళ్లీ ఊళ్లో బాడిగకే ఉంటారు. సర్కారు ఇల్లు ఇచ్చింది, దారి ఇవ్వలేదు. సగం పని అయింది.

ఇప్పుడు కడప పక్కన కొప్పర్తిలో పెద్ద పారిశ్రామికవాడ రాబోతోంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం రెండు వేల అయిదు వందల ఎకరాలకు పైచిలుకు నేలలో దానికి ఆమోదం తెలిపింది. రెండు వేల కోట్ల రూపాయలకు మించిన పని. పనులు వస్తే మంచిదే. వచ్చే పనివాళ్లందరూ కడపలోనే గదులు వెతుక్కుంటే కడప బాడిగలు ఏమవుతాయో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు. చుట్టూ కమలాపురం, ఎర్రగుంట్ల, చెన్నూరు, వేంపల్లె లాంటి ఊళ్లున్నాయి. అక్కడ గదులున్నాయి, మిద్దెలున్నాయి, మా అవ్వలాంటి మంచి మనుషులున్నారు. లేనిదల్లా షిఫ్టు దిగే వేళకు ఒక బస్సు.

ఈ ఒక్క మాట చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. ప్రొద్దుటూరు అంగళ్లలో గుమస్తాలు షట్టరు దించేటప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. లెక్క చూసి బయటపడేటప్పటికి పది. ఆ వేళకు కమలాపురం వైపు బండి దొరుకుతుందన్న నమ్మకం లేనివాడు కమలాపురంలో ఉండలేడు. మూడు వేల బాడిగ అతనికి అక్కరకు రాదు. అంగడికి నడిచిపోయే దూరంలో ఆరు వేలకు ఇరుకు గది తీసుకుంటాడు. అతని జీతంలో మూడు వేలు తినేసింది ఇంటాయన కాదు, లేని బస్సు. రాత్రి పదికి ఒక పల్లెవెలుగు నడిపితే వందమందికి బాడిగ తగ్గుతుంది. ఇల్లు కట్టివ్వడం కంటే ఇది చౌకైన పని. ఆర్టీసీ వాళ్లు, రైల్వే వాళ్లు, నగర పంచాయతీ పెద్దలు ఇది ఆలోచించాలని ఈ రేడియో ద్వారా అడుగుతున్నాను.

మేమింకా అవ్వ మిద్దెలోనే ఉన్నాం. చౌడు మళ్లీ పోయించింది, బాడిగ అయిదు వందలు పెంచింది. ఇవ్వాల్సిందే. నోటుబుక్కు మూడోది నడుస్తోంది.

ఇల్లు వెతుక్కునేవాళ్లకు నా మాట ఒకటి. గోడలు తట్టి చూస్తాం, కొళాయి తిప్పి చూస్తాం, వాస్తు అడుగుతాం. అన్నీ చూడండి. అడ్వాన్సు చేతిలో పెట్టే ముందు మాత్రం ఒక సాయంత్రం ఆ ఊరి బస్టాండులో కూర్చుని ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కోండి. అది మీ పని ముగిసే వేళ తర్వాతదైతేనే ఆ ఇల్లు అగ్గవ.